యంత్రం కడిగే గంట ఎవరి ఖాతా? సాఫ్టీ యంత్రాల యజమానులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సాఫ్టీ యంత్రాలు నడుపుతున్న ఐస్‌క్రీం పార్లర్లు, బేకరీలు, ఎగ్జిబిషన్ స్టాళ్లు, క్యాటరింగ్ సంస్థల గౌరవనీయ యజమానులకు,



సాఫ్టీ యంత్రాన్ని ప్రతి రాత్రి విప్పి కడగనక్కరలేదనీ, దుకాణం మూసేటప్పుడు దాన్ని స్టాండ్‌బైలో పెట్టి, మిగిలిన మిక్స్‌ను అందులోనే ఉంచి, మర్నాడు ఉదయం దాని మీదనే కొత్త మిక్స్ పోసి కోన్లు నింపుకోవచ్చుననీ ఈ వ్యాపారంలో పాతుకుపోయిన నిర్ణయాన్ని ఏ విధంగానూ సమర్థించలేము. ఆ నిర్ణయం వెనక ఒక నమ్మకమూ ఒక లెక్కా ఉన్నాయి. చల్లటి పదార్థంలో క్రిములు బతకవన్నది నమ్మకం. కడగడానికి పట్టే గంట సమయమూ, పారబోయవలసిన నాలుగైదు లీటర్ల మిక్సూ నష్టమన్నది లెక్క. నమ్మకం శాస్త్రానికి విరుద్ధం. లెక్కలో కోన్ అమ్మేవారి పద్దు ఉంది గాని తినేవారి పద్దు లేదు. ఈ రెండింటినీ మీ ముందు పెట్టి, వీటికి జవాబు కోరడానికే ఈ లేఖ.

యంత్రాన్ని ఏ రోజుకారోజు నిష్ఠగా కడిగించే యజమానులు మీలో ఉన్నారు. కడగని పొరుగు దుకాణం వల్ల ముందుగా నష్టపోయేది వారే, ఎందుకంటే కోన్ పట్టుకున్న మనిషికి ఈ రెండు దుకాణాల తేడా కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, ధరలోనూ దొరకదు. కూర పాచిపోతే వాసన పట్టిస్తుంది. పాలు విరిగితే కన్ను పట్టిస్తుంది. కానీ చలికి నాలుక మొద్దుబారి, వెనీలా వాసనా పంచదార తీపీ మిగతా రుచులన్నింటినీ కప్పేసే సాఫ్టీలో పట్టించేది ఏదీ ఉండదు. తినేవారు తమను తాము కాపాడుకునే వీలు లేని చోట ఆ బాధ్యత మొత్తం అమ్మేవారి మీద పడుతుంది. ఆ బరువు ఎంతటిదో మీరు ఎప్పుడైనా తూచి చూసుకున్నారా?

మీ యంత్రం మీకు తెలిసినదే అయినా, అందులో మురికి దాగే చోట్లు ఏవో ఒకసారి గుర్తు చేసుకోవడం అవసరం. పైన మూత కింద ఉండేది హాపర్, అంటే మిక్స్ పోసే తొట్టి. అందులో మిక్స్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనంలో నిలవ ఉండాలి. తొట్టి అడుగు రంధ్రంలో నిలబెట్టిన చిన్న గొట్టం మిక్స్‌నూ గాలినీ కలిపి కిందికి పంపుతుంది. కింద అడ్డంగా ఉన్న సిలిండర్‌లో, అంటే చుట్టూ శీతలీకరణ ఉన్న ఉక్కు గొట్టంలో, బీటర్ అనే మరలాంటి కడ్డీ తిరుగుతూ, దానికి అమర్చిన బ్లేడ్లతో గోడలకు అంటిన మంచును గీకి, గాలితో కలిపి చిలుకుతుంది. అక్కడ పదార్థం మైనస్ 6, మైనస్ 7 డిగ్రీల దగ్గర మెత్తటి ముద్దగా మారి, ముందు తలుపులోని వాల్వు గుండా, నక్షత్రం ఆకారపు నాజిల్ గుండా కోన్‌లోకి దిగుతుంది. ఈ దారి పొడవునా మిక్స్ బయటికి కారకుండా పట్టి ఉంచేవి ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు వలయాలు. కోన్‌లోకి దిగే పదార్థపు ఘనపరిమాణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గాలే ఉంటుంది కాబట్టి, యంత్రం ఉన్న గది గాలి, ఎగ్జిబిషన్ మైదానపు దుమ్ము, పక్క స్టాల్ పొగ కూడా అందులో ఒక ముడిసరుకే. చట్టం దృష్టిలో పాల కొవ్వుతో చేసినది ఐస్‌క్రీం, నూనెల నుంచి తీసిన కొవ్వుతో చేసినది ఫ్రోజెన్ డెజర్ట్. అమ్మే వస్తువు ఏదైనా, కొవ్వూ చక్కెరా మాంసకృత్తులూ కలిసిన జిడ్డు మాత్రం ఒకే తీరుగా అంటుకుంటుంది.

ఇప్పుడు చల్లదనం మీద మీకున్న నమ్మకాన్ని పరిశీలించాలి. చలి చాలా క్రిములను చంపదు. వాటి ఎదుగుదలను ఆపుతుంది లేదా నెమ్మదింపజేస్తుంది, అంతే. లిస్టీరియా మోనోసైటోజీనస్ అనే బ్యాక్టీరియా విషయంలో ఆ మాత్రం ఊరట కూడా లేదు, ఎందుకంటే అది ఫ్రిజ్ చల్లదనంలో, సున్నా డిగ్రీల దరిదాపుల్లో సైతం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. గడ్డకట్టిన పదార్థంలో పెరగకపోయినా చావకుండా కాచుకుని ఉంటుంది. పైగా అది ఉక్కు మీద, రబ్బరు మీద జిగట పొరగా అల్లుకుంటుంది. సూక్ష్మజీవులు తామే స్రవించిన జిగురు కింద గుంపుగా దాక్కునే ఈ పొరను శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. బ్రష్‌తో రుద్ది చెరిపితే తప్ప, పైన పోసిన క్రిమిసంహారిణి దాని లోపలికి సరిగా చేరదు. రాత్రంతా స్టాండ్‌బైలో చల్లగా ఉన్న యంత్రంలో ఈ జీవికి కావలసిన తిండి, తడి, తీరిక మూడూ సమకూరుతాయి. అలాంటప్పుడు స్టాండ్‌బై మీట శుభ్రతకు బదులు ఎలా అవుతుంది?

మిగిలిన మిక్స్‌ను మర్నాడు కలుపుకునే అలవాటు ఇంకా ప్రమాదకరమైనది. దాని స్వభావం తెలియడానికి తెలుగు ఇళ్లలో ప్రయోగశాల అక్కరలేదు. గిన్నెడు గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నె మొత్తం పెరుగవుతుంది. తోడులో ఉన్న జీవులే పాలంతటా వ్యాపించడం వల్ల అది జరుగుతుంది. నిన్నటి మిక్స్‌ను ఇవాళ్టి మిక్స్‌లో కలపడం కూడా తోడు వేయడమే. తేడా అల్లా, పెరుగు తోడులో ఉన్నది ఇల్లాలు ఎరిగిన మేలు చేసే జీవి, యంత్రపు తోడులో ఉన్నది ఏమిటో ఎవరూ ఎరగరు. రోజూ కొంత మిగుల్చి రోజూ కొంత కలిపే పద్ధతిలో తయారీకి మొదలూ తుదీ ఉండవు. సీజన్ మొదటి రోజున చేరిన క్రిమి సంతతి సీజన్ చివరి రోజు దాకా అదే తొట్టిలో కొనసాగవచ్చు. మిక్స్ ప్యాకెట్ మీద పాశ్చరైజ్ చేసినట్టు, అంటే నిర్ణీత వేడిమిలో నిర్ణీత కాలం ఉంచి హానికర క్రిములను చంపినట్టు రాసి ఉంటుంది. ఆ హామీ ప్యాకెట్ కత్తిరించే క్షణం వరకే. ఆ తరవాతి హామీ ఇవ్వవలసినది మీరు.

ఇది కేవలం ఊహించుకున్న భయం కాదనడానికి ఇతర దేశాల రికార్డులు ఉన్నాయి. 2023లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, టకోమా నగరంలో ఒక రెస్టారెంట్ మిల్క్‌షేక్‌ల వల్ల ఆరుగురు లిస్టీరియా సోకి ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ముగ్గురు మరణించారు. సరిగా కడగని ఐస్‌క్రీం యంత్రాలలో ఆ బ్యాక్టీరియా దొరికిందని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. అంతకుముందు, 2015లో బయటపడిన ఉదంతంలో, అదే దేశపు బ్లూబెల్ కంపెనీ ఐస్‌క్రీం ద్వారా నాలుగు రాష్ట్రాలలో పదిమందికి ఇదే జబ్బు సోకింది. కాన్సస్ రాష్ట్రంలో వేరే జబ్బులతో ఆసుపత్రిలో చేరిన రోగులు అక్కడ ఇచ్చిన మిల్క్‌షేక్‌లు తాగి జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. ఆ కంపెనీ తన సరుకు మొత్తాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. 2020లో నేరం ఒప్పుకొని కోటీ డెబ్బయి లక్షల డాలర్లకు పైగా జరిమానా కట్టవలసి వచ్చింది. ఆ ఐస్‌క్రీం తయారైనదీ నిలవ ఉన్నదీ గడ్డకట్టే చలిలోనే. చలి ఎవరినీ కాపాడలేదు.

ఇన్నేళ్లుగా తమ దుకాణంలో తిని ఎవరూ జబ్బుపడలేదన్న జవాబు మీ వైపు నుంచి వెంటనే వస్తుంది. ఎవరూ జబ్బుపడలేదని మీకెలా తెలుసు? లిస్టీరియా కడుపులో చేరిన తరవాత లక్షణాలు బయటపడడానికి కొన్నిసార్లు 70 రోజుల దాకా పట్టవచ్చు. ఏప్రిల్‌లో తిన్న కోన్‌ను జూన్‌లో వచ్చిన జ్వరంతో ఏ రోగి ముడిపెట్టగలడు? సాల్మొనెల్లా వంటి క్రిముల వల్ల ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండ దెబ్బ అనో, పెళ్లి భోజనం పడలేదనో ఇంట్లో సరిపెట్టుకుంటారే తప్ప సాఫ్టీ పేరు ఎత్తరు. ఫిర్యాదు రాలేదంటే హాని జరగలేదని కాదు, హానికి చిరునామా దొరకలేదని మాత్రమే అర్థం.

ఆ హాని అందరి మీదా సమానంగా పడదన్నది మరింత గంభీరమైన విషయం. ఆరోగ్యవంతుడైన యువకుడికి ఒక పూట కడుపునొప్పితో పోయేది గర్భిణికి గర్భస్రావం దాకా వెళ్లవచ్చు. తల్లికి కాస్త ఒళ్లు వెచ్చబడడం తప్ప వేరే లక్షణం లేకుండానే లిస్టీరియా కడుపులోని బిడ్డను చేరగలదు. పసిపిల్లలు, అరవై దాటినవారు, మధుమేహం ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఇదే వరసలో ఉన్నారు. ఏటా జనవరిలో మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌లో, విశాఖ బీచ్ రోడ్డులో, వేసవి సెలవులకు ఊరూరా వెలిసే ఎగ్జిబిషన్లలో, బస్టాండు ఎదుటి బేకరీలలో మీ యంత్రం ముందు నిలబడేది సరిగ్గా ఈ జనమే: మనవడి చేయి పట్టుకున్న తాత, పుల్లనివీ చల్లనివీ తినాలనిపించే చూలింత, ఇంకా బడికి వెళ్లని పాప. వీరిలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో హ్యాండిల్ దగ్గర నిలబడ్డ కుర్రవాడు అడగడు, అడగలేడు కూడా. అందుకే శుభ్రత కొలమానం ఆ వరసలో అందరికన్నా బలహీనమైన మనిషిని బట్టి ఉండాలి.

ఇక కడగడం అంటే ఏమిటో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే హాపర్‌లో రెండు బకెట్ల నీళ్లు పోసి, హ్యాండిల్ లాగి వదిలేయడాన్నే కడగడం అనుకునే దుకాణాలు ఉన్నాయి. మొదట శీతలీకరణ ఆపి, మిగిలిన మిక్స్ మొత్తం లాగేసి, మామూలు నీటితో అది తేటగా వచ్చేదాకా తొలపాలి. ఈ మొదటి విడతకు బాగా వేడినీళ్లు పనికిరావు. మరిగే నీరు తగిలితే పాల మాంసకృత్తులు గట్టిపడి ఉక్కుకు మరింత కరుచుకుంటాయి. తరవాత గోరువెచ్చని నీటిలో పాత్రల సబ్బు ద్రావణం కలిపి, బీటర్‌ను తిప్పి, హాపర్‌ను బ్రష్‌తో రుద్ది వదలాలి. ఆ పైన కరెంటు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకి మరీ ముందు తలుపు విప్పాలి, ఎందుకంటే పొరపాటున తిరిగిన బీటర్ వేళ్లను నలిపేస్తుంది. బీటర్, బ్లేడ్లు, వాల్వులు, ఓ-రింగులు, గాలి గొట్టం, నాజిళ్లు, కింది ట్రే ఒక్కొక్కటీ విడదీసి, దేనికి తగిన బ్రష్‌తో దాన్ని రుద్దాలి. సిలిండర్ వెనక గోడలో బీటర్ ఇరుసు దూరే రంధ్రాన్ని పొడవాటి బ్రష్‌తో ప్రత్యేకంగా తోమాలి. ముందు నుంచి పోసిన నీరు అక్కడికి చేరదు.

ఈ పనిలో ఓ-రింగు ఒక్కటి చాలు, మీ దుకాణం సంగతి మొత్తం చెప్పడానికి. వాల్వు మీది గాడిలో నుంచి దాన్ని వేలితో మెల్లగా జరిపి తీసినప్పుడు, రోజూ కడిగే యంత్రంలోనైతే రబ్బరు నున్నగా, గాడి మెరుస్తూ కనిపిస్తాయి. వారాల తరబడి విప్పనిదైతే గాడి నిండా లేత పసుపు రంగు ముద్ద, పులిసిన పాల వాసన, కొన్నిసార్లు నల్లటి బూజు చుక్కలు బయటపడతాయి. కోన్‌లోకి దిగే ప్రతి చుట్టూ ఆ గాడిని ఒరుసుకునే దిగుతుంది. మీరు మీ చేతులతో ఆ రబ్బరు వలయాన్ని చివరిసారి తీసి చూసింది ఎప్పుడు?

రుద్ది కడిగిన తరవాతనే క్రిమిసంహారిణి పని మొదలవుతుంది. మురికి మీద క్లోరిన్ పోస్తే, అది క్రిములను చేరకముందే పాల జిడ్డుతో చర్య జరిపి ఖర్చయిపోతుంది కాబట్టి ఈ వరస తారుమారు కాకూడదు. యంత్రాన్ని తిరిగి బిగించాక 100 పీపీఎం బలం ఉన్న క్లోరిన్ ద్రావణం, అంటే పది లక్షల వంతుల నీటిలో వంద వంతుల క్లోరిన్ ఉన్న నీరు, అన్ని దారుల్లోనూ నిండేలా పోసి అయిదు నిమిషాలు ఉంచి వదలాలి. నాలుగు శాతం క్లోరిన్ ఉన్న సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని పది లీటర్ల నీటికి 25 మిల్లీలీటర్లు కలిపితే ఈ బలం వస్తుంది. వాసన చూసి, కంటితో చూసి పోసే లెక్క ఇక్కడ పనికిరాదు. తక్కువైతే పని జరగదు, ఎక్కువైతే రబ్బరు, లోహం దెబ్బతిని, తినేవారి నోటికే వాసన తగులుతుంది. సీసాలోని ద్రావణం ఎండకూ కాలానికీ బలం కోల్పోతుంది గనుక బలాన్ని చూపే కాగితపు పట్టీలను దుకాణంలో ఉంచుకోవాలి. ఈ చివరి విడతను ఉదయం మిక్స్ పోయడానికి ముందు చేయడం, మొదట దిగిన ముద్దను అమ్మకుండా పారవేయడం మంచి పద్ధతి.

తెలుగు ప్రాంతాలలో చాలా దుకాణాలకు దిక్కు బోరు నీరే, ఆ నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. ఆ లవణాలూ పాలలోని ఖనిజాలూ కలిసి ఉక్కు మీద తెల్లటి, గరుకైన పొర కడతాయి. పళ్ల మీది గార లాంటి ఈ పాల గార సబ్బుకు లొంగదు, క్రిములకు మాత్రం గూడవుతుంది. యంత్ర తయారీదారు సూచించిన ఆమ్లపు క్లీనర్‌తో తగిన వ్యవధిలో దాన్ని తొలగించాలి. అయితే ఆమ్లాన్నీ క్లోరిన్ ద్రావణాన్నీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ఒకటి పోశాక పూర్తిగా తొలపకుండా రెండోది పోయకూడదు. కలిస్తే విషవాయువు వెలువడుతుంది. ఈ ఒక్క మాట చెప్పకుండా రెండు సీసాలు చేతికిచ్చి పనివాణ్ని ఇరుకు గదిలోకి పంపే యజమాని, తినేవారి ప్రాణంతో పాటు తన దగ్గర పనిచేసేవారి ప్రాణాన్ని కూడా పణంగా పెడుతున్నాడు.

మీలో కొందరు తమది వేడిచేసుకునే యంత్రం గనుక ఈ మాటలు తమకు వర్తించవంటారు. అలాంటి యంత్రాలు ఉన్నమాట నిజమే. అవి రాత్రి పూట మిక్స్‌ను 65 డిగ్రీలకు పైగా వేడిచేసి అరగంట సేపు ఆ వేడిలో ఉంచి, తిరిగి చల్లబరుస్తాయి. అంతమాత్రాన వాటిని విప్పనక్కరలేదని తయారీదారులు కూడా చెప్పరు. రోజూ వేడిచేసే యంత్రాన్ని సైతం రెండు వారాలకొకసారి పూర్తిగా విప్పి కడగాలన్నది ఈ రంగంలో ప్రసిద్ధమైన నియమం. నాజిల్ కొస, ట్రే వంటి బయటి భాగాలను అప్పటికీ రోజూ కడగవలసిందే. వేడి క్రిములను చంపుతుంది గాని గారను తీయదు, అరిగిన రబ్బరును మార్చదు. పనివాడి చేతి నుంచి చేరే స్టెఫైలోకాకస్ క్రిమి ముందే విషపదార్థాన్ని విడిచి ఉంటే, ఆ విషం ఈ వేడికి చెక్కుచెదరదు. అంతకన్నా ముఖ్యంగా, మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికే యంత్రాలు చాలావాటిలో వేడిచేసే ఏర్పాటే లేదు, ఉన్నది చల్లగా ఉంచే స్టాండ్‌బై ఒక్కటే. మీ యంత్రంలో ఉన్నది ఏదో మీకు తెలుసా, లేక రెండింటినీ ఒకే పేరుతో పిలుచుకుంటున్నారా?

కడగడంతో పాటు మరమ్మతు కూడా ఈ బాధ్యతలో భాగమే. ఓ-రింగులను, ఇరుసు చుట్టూ ఉండే సీలును, గీకే బ్లేడ్లను మూడు నెలలకొకసారి మార్చాలని చాలామంది తయారీదారులు చెబుతారు. పగిలిన రబ్బరు చీలికలోకి బ్రష్ దూరదు, క్రిమి దూరుతుంది. రబ్బరుకు రాయవలసినది ఆహార పదార్థాలకు తగిన గ్రీజు. బండి గ్రీజు గాని వంటనూనె గాని దానికి బదులు కావు. వెనక వైపు కండెన్సర్, అంటే యంత్రం లోపలి వేడిని బయటికి వదిలే జాలీ, దుమ్ముతో మూసుకుపోతే కంప్రెసర్ ఎంత శ్రమించినా హాపర్ చల్లబడదు. రామగుండంలో, రెంటచింతలలో 45 డిగ్రీలు దాటే రోజున, గోడకు ఆనించి పెట్టిన యంత్రంలో మిక్స్ ఏ వేడిమిలో ఉందో ముందు పలకలోని అంకె ఒక్కదాన్నే నమ్మకుండా విడిగా థర్మామీటర్‌తో చూడాలి. కరెంటు పోయి గంటలు గడిచి మిక్స్ వెచ్చబడితే దాన్ని తిరిగి చల్లబరచి అమ్మడం కాదు, పారవేయడమే మార్గం.

ఇన్ని చెప్పినా అసలు సమస్య బ్రష్ దగ్గరో, రబ్బరు దగ్గరో లేదు. రాత్రి పదకొండు గంటలకు చివరి కోన్ ఇచ్చిన కుర్రవాడికి ఇంటికి చేరే ఆఖరి బస్సు ఉంటుంది, పొద్దున మళ్లీ షట్టర్ ఎత్తే పని ఉంటుంది. యంత్రాన్ని సక్రమంగా విప్పి, కడిగి, ఆరబెట్టడానికి గంట పడుతుంది. ఆ గంటకు కూలి లేదు, పనివేళల్లో చోటు లేదు, చాలాసార్లు వేడినీళ్లు లేవు, తగిన సింకు లేదు, నాలుగు రకాల బ్రష్‌లకు బదులు ఒక పాత గుడ్డ ఉంటుంది. నాలుగు లీటర్ల మిక్స్ పారబోస్తే ఆ డబ్బు తన జీతంలో కోత పడుతుందన్న భయం ఉన్నవాడు దాన్ని డబ్బాలో పట్టి ఫ్రిజ్‌లో దాచకుండా ఏం చేస్తాడు? రేపు ఏదైనా జరిగితే పనివాడి నిర్లక్ష్యమని వేలు చూపించడం తేలిక. కానీ యంత్రాన్ని కడగనిది ఆ చేయి కాదు, ఆ చేతికి గంట ఇవ్వని గల్లాపెట్టె.

చట్టం కూడా ఈ విషయంలో వేలు మీ వైపే చూపిస్తుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 26వ సెక్షన్ ప్రతి దశలోనూ ఆహారం చట్టానికి లోబడి ఉండేలా చూసే బాధ్యతను ఆహార వ్యాపారం నిర్వహించేవారి మీద పెట్టింది. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారుచేస్తే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. హానికర ఆహారం వల్ల మనిషి మరణిస్తే 65వ సెక్షన్ కింద కుటుంబానికి అయిదు లక్షల రూపాయలకు తగ్గని పరిహారం ఇవ్వాలి. కొన్న పదార్థాన్ని రుసుము చెల్లించి పరీక్ష చేయించుకునే హక్కును 40వ సెక్షన్ వినియోగదారుకు ఇచ్చింది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో ఆహారం వికటించిన ఘటనల తరవాత పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఆ వేటు తప్పు చేసినవారి మీదా చేయనివారి మీదా ఒకే తీరున పడింది. సాఫ్టీ విషయంలో కూడా అలాంటి రోజు వచ్చేదాకా ఆగడం మీ వ్యాపారానికైనా మేలా?

కాబట్టి ఈ లేఖ మిమ్మల్ని కోరేవి కొన్నే. మిగిలిన మిక్స్‌ను రాత్రి పారబోయడం మీ ఆదేశంగా ఉండాలి, దాని ఖరీదు ఏ పనివాడి జీతంలోనూ కోత పడకూడదు; మధ్యాహ్నం తరవాత హాపర్‌లో తక్కువ తక్కువ పోసుకుంటే ఆ నష్టం కూడా తగ్గుతుంది. యంత్రం విప్పి కడిగే గంటను పనివేళల్లో చేర్చి దానికి కూలి కట్టాలి. అందుకు దుకాణం అరగంట ముందు మూయవలసి వస్తే మూయాలి. తయారీదారు ఇచ్చిన వివరాల పుస్తకంలోని శుభ్రత విధానాన్ని తెలుగులో, బొమ్మలతో గోడకు అతికించాలి. ఇంగ్లీషు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో బీరువాలో ఉంటే ఎవరికి ఉపయోగం? కనీసం ఒకరికైనా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్వహించే ఫోస్టాక్ శిక్షణ ఇప్పించాలి. ఏ తేదీన, ఏ వేళ, ఎవరు కడిగారో, ఓ-రింగులు ఎప్పుడు మార్చారో రాసిన పట్టికను కౌంటరు లోపల కాదు, కోన్ కోసం నిలబడ్డవారికి కనిపించే చోట వేలాడదీయాలి. వారంలో ఒక రోజు ఆ ముందు తలుపును మీరే స్వయంగా విప్పి, గాడిలో వేలు పెట్టి చూడాలి.

ఇవేవీ మీ వ్యాపారాన్ని కుంగదీసేంత భారమైనవి కావు. మిక్స్ కొన్న డబ్బును మీరు నష్టం అనరు, కోన్ల పెట్టెను నష్టం అనరు, కరెంటు బిల్లును నష్టం అనరు. అవి లేకుండా సాఫ్టీ తయారుకాదని మీకు తెలుసు గనుక వాటిని సరుకు ఖర్చు కింద రాసుకుంటారు. రాత్రి కడిగే ఆ ఒక్క గంట మాత్రం ఇన్నాళ్లూ మీ పుస్తకంలో ఎక్కడా లేదు. అక్కడ రాయని ఖర్చును ఊరూ పేరూ తెలియని మనుషులు తమ ఒంటితో, ఆసుపత్రి చీటీలతో చెల్లిస్తూ వచ్చారు. ఆ పద్దును మీ పుస్తకంలోకి, మిక్స్ ఖరీదు రాసిన గీత కిందికి తెచ్చుకోవలసిందిగా ఈ లేఖ కోరుతోంది.

ఇట్లు,
మీ కౌంటరు ముందు కోన్ కోసం చేయి చాచే వినియోగదారుల పక్షాన